‘డి.ఓ.’ అన్న రెండక్షరాల వెనక ఎన్ని గంటల చదువుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం లేఔట్ లాంటి, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో ఈమధ్య మూడు రకాల ప్రకటనలు కనిపిస్తున్నాయి. ‘రెండు వారాంతాల్లో ఆస్టియోపతి సర్టిఫికెట్, పేరు పక్కన డి.ఓ. పెట్టుకోవచ్చు’ అంటూ ఫిజియోథెరపీ చదివిన పిల్లలకు ఒకటి. ‘అమెరికాలో డి.ఓ. డాక్టర్ కోర్సు’ అంటూ బైపీసీ పిల్లల తల్లిదండ్రులకు ఒకటి. ‘ఒక్క సిట్టింగ్‌లో జారిన డిస్క్ సర్దుతాం’ అంటూ నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇంకొకటి. మూడింటిలోనూ ఆస్టియోపతి అన్న మాటే ఉంది. స్థూలంగా అది కండరాలకూ కీళ్లకూ చేతులతో చేసే చికిత్స. అర్థం మాత్రం మూడు చోట్లా మూడు రకాలు. ఈ తేడా తెలియక పిల్లలు డబ్బు, తల్లిదండ్రులు ఏళ్ల కాలం పోగొట్టుకుంటున్నారు. రోగులకైతే కాళ్లూ చేతులకే ముప్పు. అందుకని ఉత్తరం పొడుగైనా పూర్తిగా అచ్చువేయమని కోరుతున్నాం.

ముందు ఆ రెండక్షరాల సంగతి. మన దేశంలో కంటి డాక్టర్ పేరు పక్కన డి.ఓ. అని ఉంటే అది డిప్లొమా ఇన్ ఆఫ్తల్మాలజీ, ఎంబీబీఎస్ తర్వాత చదివే చదువు. బ్రిటన్‌లో పాతతరం వాళ్ల పేరు పక్కన అవే అక్షరాలుంటే డిప్లొమా ఇన్ ఆస్టియోపతి. అక్కడ ఆస్టియోపత్ అంటే చేతులతో చికిత్స చేసే నిపుణుడు, మందులు రాసే డాక్టర్ కాదు. అమెరికాలో డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపథిక్ మెడిసిన్. వాళ్లు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, యాభై రాష్ట్రాల్లోనూ ఎండీలతో (అక్కడ మామూలు డాక్టర్ పట్టా పేరే ఎండీ) సమానంగా లైసెన్స్ పొందుతారు. ట్రంప్ మొదటి పదవీకాలంలో వైట్‌హౌస్ వైద్యుడిగా పనిచేసిన షాన్ కాన్లీ, బైడెన్‌ను చూసిన కెవిన్ ఓకానర్ ఇద్దరూ డి.ఓ.లే. బెంగళూరులో ఒక బోర్డు మీద డి.ఓ. కనిపిస్తే ఈ మూడింటిలో అది ఏదో అడిగి తెలుసుకోవాలి. ఈ మూడూ కాని నాలుగో రకం కూడా ఉంది. దాని సంగతి కిందకొస్తుంది.

అమెరికా చదువు గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1864లో మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో వాడే మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. శరీరంలో ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ ఒకదానితో ఒకటి ముడిపడి పనిచేస్తాయన్న ఆలోచనతో 1874లో ఆస్టియోపతిని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. 1910లో అమెరికా వైద్య విద్యను జల్లెడపట్టిన ఫ్లెక్స్‌నర్ నివేదిక ఈ కాలేజీలనూ గట్టిగానే తప్పుపట్టింది. ఆ తర్వాత అవి పాఠ్యాంశాల్నీ ఆసుపత్రి శిక్షణనూ మార్చుకుంటూ వచ్చాయి. 1962లో కాలిఫోర్నియాలో 65 డాలర్లు కట్టిన డి.ఓ.లకు ఎండీ పట్టా ఇచ్చారు. 1966 నుంచి అమెరికా సైన్యం వాళ్లను డాక్టర్లుగా తీసుకుంటోంది. 2020 నాటికి పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే రెసిడెన్సీ శిక్షణ ఎండీ, డి.ఓ. ఇద్దరిదీ ఏసీజీఎంఈ అన్న ఒకే సంస్థ గుర్తింపు కిందికి వచ్చింది. ఇవాళ అక్కడ వైద్యవిద్య చదివే ప్రతి నలుగురిలో ఒకరు డి.ఓ. కాలేజీలోనే ఉన్నారు. ‘డి.ఓ. అంటే సగం డాక్టరట కదా’ అని మన పెళ్లిసంబంధాల దగ్గర వినిపించే మాటలో నిజం లేదు.

అయితే ఆ దారి ఎలా ఉంటుందో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ అన్న ప్రవేశ పరీక్ష. తర్వాత నాలుగేళ్ల డి.ఓ. చదువు. అందులో మొదటి రెండేళ్లు తరగతి గది, ల్యాబు. తర్వాతి రెండేళ్లు వార్డుల్లో. దారిలో కామ్‌లెక్స్ అన్న లైసెన్స్ పరీక్ష మూడు అంచెల్లో రాయాలి. మూడో అంచె రెసిడెన్సీలో చేరాక వస్తుంది. పోటీ ఎక్కువున్న స్పెషాలిటీ కావాలనుకునేవాళ్లు ఎండీ విద్యార్థులు రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తారు, అంటే ఒకే చదువుకు రెండు వరసల పరీక్షలు. ఆ తర్వాత రెసిడెన్సీ. ఫ్యామిలీ మెడిసిన్‌కు మూడేళ్లు, న్యూరోసర్జరీకి ఏడేళ్లు. ఇంటర్ అయిన పిల్లవాడు సొంతంగా ప్రాక్టీసు పెట్టేసరికి తక్కువలో తక్కువ పదకొండేళ్లు. చాలా కాలేజీలు అమెరికాలోనో కెనడాలోనో చదివిన క్రెడిట్లు అడుగుతాయి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాళ్లకు అక్కడి ప్రభుత్వ విద్యారుణం రాదు. మొత్తం ఖర్చు ఇంటి నుంచో ప్రైవేటు అప్పు నుంచో రావాలి.

ఇక్కడ ఎంబీబీఎస్ చేసిన అమ్మాయికి ‘ఏడాదిలో డి.ఓ. చేయిస్తాం, అమెరికాలో ప్రాక్టీసు పెట్టుకోవచ్చు’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన ఎంబీబీఎస్ వాళ్లకు అక్కడికి దారి విదేశీ వైద్య పట్టాలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్, యూఎస్‌ఎంఎల్‌ఈ, రెసిడెన్సీ. డి.ఓ. కావాలంటే అక్కడ గుర్తింపున్న కాలేజీలో మొదటి ఏడాది నుంచి చేరి నాలుగేళ్లూ చదవాల్సిందే. ఫిజియోథెరపీ చదివినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మీద అదనంగా ఏ సర్టిఫికెట్ తెచ్చుకున్నా అమెరికా డి.ఓ. అయిపోరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికా డి.ఓ. చదువులో చేతి చికిత్సకు కేటాయించేది సుమారు 200 గంటలు. మిగతాదంతా మామూలు వైద్యవిద్యే. పట్టా అందుకున్నాక చాలామంది ఆ చేతి చికిత్సను రోజువారీ ప్రాక్టీసులో వాడనే వాడరు. కాబట్టి ‘అమెరికాలో డాక్టర్లే చేసే చికిత్స ఇది’ అని ఇక్కడ ఎవరైనా చెబితే ఆ మాటలో సగమే నిజం ఉంది.

ఇక ఫిజియోథెరపీ పిల్లల సంగతి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీపీటీ చేసేవాళ్లు మనలో ఎంతోమంది. నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇరవైవేలో పాతికవేలో పోసి ఏదో ఒక సర్టిఫికెట్ తగిలించుకుంటే క్లినిక్‌లో జీతం పెరుగుతుందన్న ఆశ వాళ్లది. ఆ ఆశను తప్పుపట్టం. కానీ ఒక లెక్క చూడమంటున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆస్టియోపతి శిక్షణకు ప్రమాణాలు ప్రకటించింది. వైద్యరంగంలో ముందు ఏ చదువూ లేనివాళ్లకు 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు గురువు పర్యవేక్షణలో రోగుల్ని చూస్తూ నేర్చుకోవాలి. ఇప్పటికే డాక్టరో ఫిజియోథెరపిస్టో అయినవాళ్లకు 1,000 గంటలు. వారాంతానికి రెండు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే 16 గంటలు. రెండు వారాంతాలు కలిపితే 32. ఒక్క శనివారమూ మానకుండా వెళ్లినా 1,000 గంటలకు 62 వారాంతాలు దాటాలి. 4,200 గంటలకు 262 వారాంతాలు, ఐదేళ్ల పైమాట. 32 గంటల్లో నేర్చుకునేది ఒకటి రెండు పట్లు. వాటిని ఎవరి మీద వాడకూడదో నేర్చుకోవడానికి ఆ సమయం చాలదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మేం చెప్పిన నాలుగో రకం డి.ఓ. ఈ 32 గంటలదే.

ఫ్రాన్స్‌లో 2014 నాటి ఉత్తర్వు ప్రకారం ఐదేళ్లు, 4,860 గంటల చదువు. అందులో 1,500 గంటలు క్లినిక్‌లో. పట్టా రావాలంటే 150 పూర్తి కన్సల్టేషన్లు చేసి చూపించాలి. అంత చదివినా డాక్టరో ఫిజియోథెరపిస్టో కాని ఆస్టియోపత్ మెడ వెన్నుపూసల్ని తిప్పాలంటే, తిప్పకూడని కారణం ఏదీ లేదని డాక్టర్ రాసిచ్చిన కాగితం ముందు ఉండాలి. ఆరు నెలలు నిండని పసిబిడ్డ తలను, వెన్నును పట్టుకోవాలన్నా అదే నియమం. బ్రిటన్‌లో 1993 నాటి ఆస్టియోపత్స్ చట్టం కింద జనరల్ ఆస్టియోపథిక్ కౌన్సిల్ ఏర్పడింది. దాని రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆస్టియోపత్ అని చెప్పుకోవడం నేరం. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు కూడా మూడేళ్లకోసారి 90 గంటలు కొత్తగా నేర్చుకున్నట్టు చూపాలి. అందులో సగం నలుగురితో కలిసి నేర్చుకున్నది కావాలి, ఒంటరిగా వీడియోలు చూస్తే ఆ సగంలో లెక్కకు రాదు. మన దేశంలో ఆస్టియోపతికి అలాంటి చట్టబద్ధ కౌన్సిల్ లేదు. కొన్ని చోట్ల నాలుగైదేళ్లపాటు విడతలుగా గట్టిగా నేర్పే కోర్సులు ఉన్నాయి, వాటిని తక్కువ చేయడం లేదు. మంచి కోర్సుకూ 32 గంటల కోర్సుకూ బోర్డు మీద తేడా కనిపించదన్నదే మా బాధ.

ఆ వేల గంటల్లో ఏం నేర్పుతారని పాఠకులకు సందేహం రావచ్చు. మొదట నేర్పేది స్పర్శ. విద్యార్థి చేతికి ఒక లావుపాటి పుస్తకం ఇస్తారు. ఒక కాగితం కింద తల వెంట్రుక పెట్టి, అది ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలి కొసతో కనుక్కోమంటారు. దొరికాక పైన ఇంకో కాగితం, ఆ పైన ఇంకోటి. గట్టిగా నొక్కేవాడికి వెంట్రుక దొరకదు. ఒత్తిడి పెరిగేకొద్దీ వేలి చర్మంలో స్పర్శ మొద్దుబారుతుంది. తేలిగ్గా ఆనించిన వేలికే అది తెలుస్తుంది. మన క్లినిక్‌లలో కుర్ర థెరపిస్టులు చేసే మొదటి తప్పు ఇదే, దొరకనిదాన్ని ఇంకా గట్టిగా వెతకడం.

చెయ్యి సాధన అయ్యాక వెన్ను దగ్గర నాలుగు విషయాలు చూడటం నేర్పుతారు. అక్కడి కండరం, చర్మం పక్కదానికన్నా గట్టిపడ్డాయా, తేమగా వెచ్చగా ఉన్నాయా. కుడి ఎడమల మధ్య తేడా ఉందా. కీలు ఎటువైపు తక్కువ కదులుతోంది. నొక్కితే నొప్పి ఉందా. ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా జబ్బును చెప్పదు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే వెన్నును చూసి ఎక్కువ తక్కువలపై విభేదించడం మామూలే. అందుకే ‘ఈ పూస పక్కకు తప్పుకుంది’ అని ఒక్క వేలితో తేల్చేసేవాళ్లను చూస్తే మాకు భయం.

ఒక పద్ధతిని దగ్గర నుంచి చూపిస్తాం. పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఎడమవైపు తిరగని మనిషి వచ్చాడనుకోండి. ప్రమాద లక్షణాలేవీ లేవని తేలాకే ఇది. వెల్లకిలా పడుకోబెట్టి, థెరపిస్టు తల దగ్గర కూర్చుని, రెండు అరచేతుల్లో తల బరువు పూర్తిగా తీసుకుంటారు. మెల్లగా ఎడమకు తిప్పుతారు. మొదటిసారి ‘ఇక్కడ పట్టేస్తోంది’ అని చేతికి తెలిసేచోట ఆగుతారు. నొప్పి దాకా వెళ్లరు. కుడివైపు తిరగబోతున్నట్టు తన అరచేతిని తలతో తేలిగ్గా నెట్టమంటారు. పూర్తి బలంలో ఐదో వంతు చాలు. అయిదు సెకన్లు. తల కదలదు, చెయ్యి సరిగ్గా అంతే బలంతో అడ్డుకుంటుంది. తర్వాత వదిలేయమంటారు. రెండు మూడు సెకన్లు ఆగుతారు. కండరం సడలడం చేతికి తెలుస్తుంది. అప్పుడు తల ఎడమకు ఇంకాస్త వెళ్లి కొత్తచోట ఆగుతుంది. ఇలా మూడు నుంచి అయిదుసార్లు. చివర కూర్చోబెట్టి మళ్లీ తిప్పించి చూస్తారు.

ఇది కండరశక్తి పద్ధతి. ‘చిటుక్’ శబ్దం రాదు, ఊపు ఉండదు. ఇది చెడేది ఎక్కడంటే, రోగిని బలంగా నెట్టమనడం ఒకటి. బలంగా నెడితే కావలసిన చిన్న కండరాన్ని దాటి పెద్ద కండరాలన్నీ బిగుసుకుంటాయి. సడలేదాకా ఆగకుండా వెంటనే లాగడం రెండోది. రోగి ఊపిరి బిగబట్టడం మూడోది, దాన్ని గమనించి ‘ఊపిరి తీసుకోండి’ అని చెప్పాలి. మళ్లీ పరీక్షించకుండా పంపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మార్పు వచ్చిందో లేదో తెలియకుండా రేపు మళ్లీ రమ్మనడం దాని ఫలితమే.

ఇంకో పద్ధతిలో నొప్పి పుట్టే చుక్క మీద వేలు ఉంచి, నొప్పి పదింట మూడుకు దిగేదాకా శరీరాన్ని అటూ ఇటూ వంచి, ఆ భంగిమలో 90 సెకన్లు ఆపి, చాలా నెమ్మదిగా మామూలు స్థితికి తెస్తారు. బయటికి రోగి ఊరికే పడుకున్నట్టు, థెరపిస్టు ఊరికే పట్టుకున్నట్టు కనిపిస్తుంది. పది నిమిషాలకో రోగిని పిలిచే క్లినిక్‌లో ఈ 90 సెకన్లు 20 సెకన్లు అయిపోతాయి, ఇక అది పనిచేయదు.

ఇప్పుడు అందరికీ తెలిసిన ‘మెడ విరవడం’ సంగతి. సెలూన్లో తలకు నూనె మర్దనా అయ్యాక అటోసారి ఇటోసారి తల తిప్పి చిటుకుమనిపించడం దగ్గర నుంచి, ఫోన్లో వచ్చే వీడియోల దాకా జనం ఆ శబ్దాన్నే చికిత్స అనుకుంటున్నారు. ఎముక తన చోటికి వచ్చిన శబ్దం అది కాదు. కీలు చుట్టూ ఉండే సంచిలో జిగట ద్రవం ఉంటుంది. కీలు హఠాత్తుగా విడినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో వేలి కణుపును ఎంఆర్ఐలో పెట్టి చిటుకుమనిపించి దీన్ని చూపించారు. అదే కీలు మళ్లీ చిటుకుమనాలంటే ఇరవై నిమిషాలో అంతకన్నా ఎక్కువో పడుతుంది. శబ్దం రాకపోయినా ఉపశమనం కలగొచ్చు, శబ్దం వచ్చినా ఏమీ మారకపోవచ్చు. ‘ఇంకా రాలేదు’ అంటూ రెండోసారి, మూడోసారి బలం పెంచి తిప్పడం వల్లనే దెబ్బతినేది.

మెడను పూర్తిగా తిప్పినప్పుడు ఆ తిరుగుడులో సుమారు సగం పై రెండు వెన్నుపూసల మధ్యే జరుగుతుంది. మెదడు వెనకభాగానికి రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు సరిగ్గా అక్కడ మెలిక తిరిగి పైకి వెళతాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు ఆ నాళం లోపలి పొర చిరిగితే పొరల మధ్యకు రక్తం చేరుతుంది, దారి ఇరుకవుతుంది, గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం. ఇది అరుదు. కానీ ఇందులో మెలిక ఒకటుంది. నాళం పొర తనంతట తానే చిరిగినవాళ్లకు మొదట కనిపించేది కూడా మెడ నొప్పీ తలనొప్పే. ఆ నొప్పితో మనిషి నేరుగా మెడ విరిచేవాడి దగ్గరికి వెళతాడు. అందుకే తిప్పడం వల్ల చిరిగిందా, చిరిగాకే వచ్చాడా అన్నది నిపుణుల మధ్య ఇంకా వాదనగా ఉంది. చికిత్స చేసేవాళ్లకు ఆ వాదనతో పని లేదు. ‘ఇలాంటి నొప్పి ఇంతకుముందెప్పుడూ లేదు’ అని రోగి అంటే ఆ మెడను తిప్పకూడదు. తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగడం కష్టమవడం, ఉన్నట్టుండి కూలబడటం, ముఖంలో తిమ్మిరి, ఒక కంటి రెప్ప వాలడం, నడకలో తూలడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్లినిక్ మంచం మీద చేయాల్సిన పని ఏమీ లేదు. వెంటనే 108కి ఫోన్ చేసి, పక్షవాతం చూసే పెద్దాసుపత్రికి పంపాలి. గడ్డ కరిగించే మందు మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. మెడ తిప్పిన వెంటనే కాకుండా గంటల తర్వాత, కొన్నిసార్లు రోజుల తర్వాత కూడా ఈ లక్షణాలు రావొచ్చని రోగికి ముందే చెప్పి పంపాలి.

నడుం విషయంలో విదేశీ పుస్తకాల్లో చిన్న పేరాగా ఉండి మన దగ్గర మొదటి పేజీలో ఉండాల్సిన జబ్బు వెన్నెముక క్షయ. నెలల తరబడి మెల్లగా పెరిగే నొప్పి, పడుకున్నా తగ్గనిది, రాత్రిపూట ఎక్కువయ్యేది. సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం. వెన్ను మధ్య ముళ్లను పిడికిలితో తేలిగ్గా తడితే ఒకచోట ఉలిక్కిపడేంత నొప్పి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఈఎస్ఆర్ రక్తపరీక్ష, ఎంఆర్ఐ చేస్తే బయటపడుతుంది. పురుగు తొలిచిన దూలంలా ఉన్న ఆ పూస మీద మోకాలు పెట్టి విరిస్తే అది కుంగి వెన్నుపామును నొక్కేస్తుంది, రెండు కాళ్లూ పడిపోతాయి. సకాలంలో కనిపెడితే చాలామందికి మందులతోనే నయమయ్యే జబ్బు ఇది.

నడుం నొప్పితో పాటు రెండు కాళ్లూ లాగడం, సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ తగ్గడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం ఉంటే అది ఆ రోజే ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లాల్సిన కేసు. ఇవి కాక ఎముకలు గుల్లబారిన పెద్దవయసు వాళ్లు, ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవాళ్లు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లు. వీళ్ల వెన్నును ఊపుతో విరవకూడదు. కీళ్లవాతంలో, డౌన్ సిండ్రోమ్‌లో పై రెండు మెడపూసల్ని పట్టి ఉంచే బంధనం వదులుగా ఉండే అవకాశం ఉంది. ఈ ప్రశ్నలన్నీ అడగడానికి మొదటి రోజు పావుగంట పడుతుంది. చెయ్యి వేసేముందు ఆ పావుగంట కేటాయించని క్లినిక్ నుంచి లేచి వచ్చేయండి.

చేతి చికిత్సలో మేలు ఏమీ లేదని మేం అనడం లేదు. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడంతో పాటు వెన్నును చేత్తో కదిలించే చికిత్స, మర్దనా కూడా ఉన్నాయి. నడుం బెల్టులు, వెన్నును లాగిపట్టే ట్రాక్షన్ వద్దని అదే పత్రం చెప్పింది. వాటిని మన క్లినిక్‌లలో ఇంకా రోజూ వాడుతున్నారు. కొత్తగా వచ్చిన మామూలు నడుం నొప్పి చాలామందికి ఆరు వారాల్లో ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. ‘ఇరవై సిట్టింగుల ప్యాకేజీ’ ముందే డబ్బు కట్టించుకుని అమ్మేవాళ్లు ఆ సహజమైన తగ్గుదలను తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. ఒక రోగికి 30 నుంచి 45 నిమిషాలు ఇస్తే రోజుకు పదిమందికి మించి చూడలేరు. ముప్ఫైమందిని చూడమనే యజమాని మీ బొటనవేళ్లను అద్దెకు తీసుకుంటున్నాడని అర్థం. ఈ వృత్తిలో ముందు అరిగేది బొటనవేలి మొదటి కీలే. అందుకే వేలితో తోయకుండా మోచేయి చాపి శరీర బరువును వాలుస్తూ పనిచేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. నిలబడి చేతులు వదిలేస్తే పిడికిలి కణుపులు తాకే ఎత్తులో మంచం ఉండాలి. అందరికీ ఒకే ఎత్తు మంచం పెట్టిన క్లినిక్‌లో పొడుగువాడికి నడుం, పొట్టివాడికి భుజం పోతాయి. చేసిన ప్రతి పట్టూ కేసు కాగితంలో రాయండి, ముందు కదలిక ఎంత, తర్వాత ఎంత అన్నదీ రాయండి. మెడ పట్టేముందు ప్రమాదం గురించి రోగి భాషలో చెప్పి సంతకం తీసుకోండి. తెలుగు పెద్దాయనకు ఇంగ్లిషు ఫారం ఇచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే అది అనుమతి కిందికి రాదు. ఆడవాళ్ల నడుం, కటి భాగం చూసేటప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి.

రోగులు అడగాల్సినవి ఎక్కువేం లేవు. ఏ చట్టం కింద, ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారో, నంబరెంతో అడగండి. ఫిజియోథెరపీకి 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ప్రత్యేక వర్గం ఉంది. 2007 నాటి కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఫిజియోథెరపీ సెంటర్లకూ వర్తిస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడమీద కనిపించాలి. వైద్యుల రిజిస్టర్‌లో పేరు లేకుండా డాక్టరుగా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆస్టియోపతి ఎక్కడ నేర్చుకున్నారు, మొత్తం ఎన్ని గంటలు, అందులో రోగుల మీద గురువు పక్కనుండగా ఎన్ని అని కూడా అడగండి. నిజంగా చదివినవాళ్లు ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు.

పుత్తూరు కట్టు తెలిసిన సీమవాళ్లకు చేతివైద్యం మీద గౌరవం ఉండటం సహజం, ఆ గౌరవం మాకూ ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బ తగిలి, నొప్పికి కారణం తెలిసి వెళతారు. కారణం తెలియని నొప్పితో మంచం ఎక్కే మనిషి సంగతి వేరు. ముందు ఆ కారణం వెతకాలి.

సంపాదకులకు రెండు విన్నపాలు. ఆస్టియోపతి పేరుతో వచ్చే క్లినిక్ ప్రకటనల్లో కర్ణాటక రిజిస్ట్రేషన్ నంబరు, శిక్షణ ప్రకటనల్లో మొత్తం గంటల సంఖ్య లేకపోతే వాటిని తీసుకోవద్దని మీ ప్రకటనల విభాగానికి చెప్పండి. ‘డిస్క్ సర్దుతాం’ అన్న మాట ఉన్న ప్రకటనను అసలే వేయొద్దు. రెండు పూసల మధ్య మెత్తని డిస్క్ వాటికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఉబ్బొచ్చు, చిట్లొచ్చు, లోపలి గుజ్జు బయటికి రావొచ్చు. ఆ గుజ్జు చాలామందికి వారాల్లో, నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. దాన్ని చేత్తో వెనక్కి నెట్టే పద్ధతి ఆస్టియోపతిలోనూ లేదు, ఫిజియోథెరపీలోనూ లేదు.

భవదీయులు,
ఫిజియోథెరపీ, చేతి చికిత్స బోధిస్తున్న కొందరు తెలుగువాళ్లం,
బెంగళూరు